మనామాలో రెండు చిన్న సమాధులు

అమ్మ పోయిన కబురు నాకు మనామా ఆఫీసులో అందింది. టికెట్టు దొరికి ఊరు చేరేసరికి అంతా అయిపోయింది. తిరిగొచ్చాక చర్చిలో ఎవరైనా "దేవుని చిత్తం" అంటే ఒళ్ళు మండేది. (అదే మాట నేనెంతమందికి చెప్పానో!)

ఆ రోజుల్లోనే శామ్యూల్ జ్వెమర్ గురించి చదివాను. 1892లో బహ్రెయిన్ వచ్చిన అమెరికా మిషనరీ. భార్య ఎమీ నర్సు. 1903లో ఇక్కడ మిషన్ ఆస్పత్రి తెరిచారు. మరుసటేడు జులైలో ఏడేళ్ళ కాథరీనా, నాలుగేళ్ళ రూత్ రక్తవిరేచనాలతో ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఆస్పత్రి ఉన్న ఊళ్ళో, నర్సు కడుపున పుట్టిన పిల్లలు!

సమాధి మీద రాయించింది ఓదార్పు మాట కాదు. గొర్రెపిల్ల ఐశ్వర్యం పొందడానికి తగినవాడనే ప్రకటన గ్రంథపు భావం. మొదట నాకు నచ్చలేదు. పిల్లల్ని ఎవరైనా కానుకలంటారా? తర్వాత తట్టింది, పోయింది తమ ఐశ్వర్యమేనని వాళ్ళు రాతిమీదే ఒప్పుకున్నారు. నష్టాన్ని చిన్నది చెయ్యలేదు. నాకు "చిత్తం" చెప్పినవాళ్ళెవరూ అంతమాట ఒప్పుకోలేదు.

1910లో జ్వెమర్ మళ్ళీ బహ్రెయినే వచ్చారు, పిల్లలున్న ఊరికి.

ఆ శుక్రవారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, పెట్టెలో అడుగున దాచిన అమ్మ ఫొటో తీసి గోడకి తగిలించాను.