ఏ దిక్కునుంచి వస్తోందీ మాట?

రేడియోలో మాట్లాడటమంటే చీకట్లో దీపం వెలిగించి నిలబడటమే. ఎవరికోసం వెలిగించామో వాళ్లకే కాదు, చుట్టూ ఉన్నవాళ్లందరికీ కనిపిస్తుంది. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌ నుంచి రహస్యంగా లండన్‌కి మోర్స్‌లో వార్తలు పంపే ఆపరేటర్ల కష్టం సరిగ్గా ఇదే. సందేశం సంకేత భాషలో ఉంది కాబట్టి శత్రువుకి అర్థం కాకపోవచ్చు. కానీ అది ఎక్కడినుంచి వస్తోందో పట్టుకోవడానికి అర్థం కావాల్సిన పనే లేదు.

ఈ విద్యలో మూలసూత్రం మన ఇళ్లలోనూ తెలిసిందే. మీడియం వేవ్ స్టేషన్ సరిగా పలక్కపోతే ట్రాన్సిస్టర్‌ని అటూ ఇటూ తిప్పేవాళ్లు కదా. ఒక వైపు తిప్పితే గట్టిగా వినిపిస్తుంది, ఇంకోవైపు తిప్పితే దాదాపు ఆగిపోతుంది. తీగని చట్రంలా చుట్టి చేసిన ఏంటెనాదీ ఇదే గుణం. దాని అంచు సిగ్నల్ వచ్చే దిక్కుకి ఉంటే శబ్దం ఎక్కువ, ముఖం అటు తిరిగితే నిశ్శబ్దం. దిక్కు తేల్చేవాళ్లు వెతికేది ఆ నిశ్శబ్దాన్నే. శబ్దం ఎక్కడ అన్నిటికన్నా పెద్దదో చెవి చప్పున తేల్చలేదు గానీ, ఎక్కడ ఆగిపోయిందో ఇట్టే పట్టేస్తుంది.

ఒక ఏంటెనా ఇచ్చేది ఒక గీత మాత్రమే. సిగ్నల్ ముందునుంచా, వెనకనుంచా అన్నది కూడా ఆ గీత చెప్పదు. దూరదూరంగా ఉన్న రెండు మూడు కేంద్రాల గీతలు మ్యాపు మీద కలిసే చోట ఒక ప్రాంతం తేలుతుంది. అప్పుడు మామూలు బండ్లలా కనిపించే వ్యాన్లు బయల్దేరతాయి. చివరి వీధుల్లో, కోటు కింద యంత్రం దాచుకున్న మనుషులు నడుస్తూ వెతుకుతారు.

ఆ వ్యాన్లకి చిక్కకుండా తిరిగిన ఆపరేటర్లలో నూర్ ఇనాయత్ ఖాన్ ఒకరు. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీతకారుడు, సూఫీ. ఆయనకి గురువు దొరికింది మన హైదరాబాద్‌లోనే. నూర్ మాస్కోలో పుట్టి, పారిస్ దగ్గర పెరిగింది. పిల్లల కోసం జాతక కథలు రాసింది. 1943 జూన్‌లో ఒక రాత్రి బ్రిటిష్ విమానం ఆమెని ఫ్రాన్స్‌లో దించింది. బ్రిటన్ అక్కడికి పంపిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమే. కొద్ది రోజుల్లోనే ఆమె చేరిన దళం దాదాపు అంతా పట్టుబడింది. వెనక్కి వచ్చెయ్యమని లండన్ అంటే, రానంది. సెట్టు పట్టుకుని ఇల్లు మారుతూ, చోటు మారుతూ, దాదాపు నాలుగు నెలలు సందేశాలు పంపుతూనే ఉంది.

అక్టోబరులో పట్టుబడింది. అయితే పట్టించింది ఏంటెనా కాదు. డబ్బు కోసం ఒక మనిషి ఆమె చిరునామా చెప్పేశారు. యంత్రాలు నెలల తరబడి గీయలేని గీతని ఒక్క మాట గీసేసింది.

అసలు విషాదం ఆ తర్వాతది. పంపిన సందేశాలన్నీ ఆమె ఒక నోటుబుక్కులో రాసి ఉంచింది. సెట్టుతో పాటు అదీ జర్మన్లకి దొరికింది. ఆమె పేరుతో వాళ్లే లండన్‌కి సందేశాలు పంపడం మొదలుపెట్టారు, లండన్ నమ్మింది. సిగ్నల్ పారిస్‌ నుంచే వస్తోంది, సంకేతాలు ఆమెవే. మీట నొక్కుతున్న చెయ్యి ఎవరిదో చెప్పే ఏంటెనా మాత్రం ఎవరి దగ్గరా లేదు. 1944 ఫిబ్రవరి చివర్లో అలా ఏర్పాటైన చోట పారాచూట్లతో దిగినవాళ్లని జర్మన్లే ఎదురొచ్చి పట్టుకున్నారు. వాళ్లలో మాడ్లెన్ దామెర్మాన్ అనే యువతి ఉంది. అదే ఏడాది సెప్టెంబర్ 13న దాఖౌ శిబిరంలో కాల్చి చంపిన నలుగురు స్త్రీలలో నూర్ ఒకరు, మాడ్లెన్ ఒకరు.

1949లో బ్రిటన్ నూర్‌కి జార్జ్ క్రాస్ ఇచ్చింది. ఆమె ధైర్యం గురించి ఆ పతకం చెబుతుంది. ఆమె పేరుతో వచ్చిన మాటల్ని నెలల తరబడి అనుమానించకుండా విన్నవాళ్ల గురించి ఏమీ చెప్పదు.