ఇంటి స్పీకరు – ఊరి మైకు

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాదుకు సమీపాన ఉన్న ఝరాసంగం పేరులోనే నీటి చప్పుడు వినిపిస్తుంది. ఝరి అంటే సెలయేరు, సంగమం అంటే కలయిక. కేతకీ సంగమేశ్వరస్వామి ఆలయమూ, అక్కడి గుండమూ ఆ ఊరికి ప్రసిద్ధి తెచ్చాయి. శివరాత్రి జాతరకు తెలంగాణం నుంచే కాక కర్ణాటక, మహారాష్ట్రల నుంచి కూడా యాత్రికులు వస్తారు. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ నాలుగూ ఒకే బజారులో వినవచ్చే సీమ అది.

జాతరలో స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరును చూపి అది ఏమిటని అడిగితే, పల్లెవాసులు ‘మైకు’ అని జవాబు చెబుతారు. ఒక్క ఝరాసంగంలోనే కాదు, తెలుగు పల్లె ఏదైనా ఇదే మాట. మనిషి ముందు ఉండే మైకూ మైకే, చెట్టు మీద అరిచే బాకా కూడా మైకే. చదువుకున్నవారు ఈ మాట విని నవ్వుతారు. స్టూడియోలో ఉద్యోగం చేసే మేమూ ఒకప్పుడు నవ్వినవారమే. ఆ నవ్వు తొందరపాటు అని ఇప్పుడు ఒప్పుకొనవలసి ఉన్నది.

స్పీకరు పెట్టెను విప్పి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. లోపల ఒక బలమైన అయస్కాంతం, దాని సందులో సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన కాగితపు శంకువు ఉంటాయి. తీగలో విద్యుత్తు ప్రవహించి హెచ్చుతగ్గులు పొందినప్పుడు చుట్ట ముందుకూ వెనుకకూ కదులుతుంది. శంకువు గాలిని నెడుతుంది. మనకు మాట వినిపిస్తుంది. ఇప్పుడు ఈ పనిని తలక్రిందులు చేయండి. శంకువు ముందు నిలబడి మాట్లాడితే చుట్ట కదులుతుంది, తీగలో సన్నని విద్యుత్తు పుడుతుంది. అంటే స్పీకరే మైకు అవుతుంది! కొన్ని కార్యాలయాలలో గదికీ గదికీ మధ్య మాట్లాడుకొనేందుకు అమర్చిన పాతకాలపు ఇంటర్‌కములలో వినే పెట్టెయే మాట్లాడే పెట్టె కూడా. కనుక పల్లెవాసి మాటలో శాస్త్రం ఉన్నది. వినిపించే సాధనానికీ మాట్లాడే సాధనానికీ భేదం తీగను ఏ వైపు నుంచి కలిపామన్నదే.

ఈ యంత్రం చరిత్రలో మొదటి నుంచీ ఉన్న చిక్కు శక్తి. కదిలే తీగచుట్టకు ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంటు పొందారు. కాని ఆ చుట్టను కదిలించగల విద్యుత్తును ఇచ్చే ఆంప్లిఫయరు అప్పటికి లేదు. 1915లో అమెరికాలో జెన్సెన్, ప్రిధమ్ అనే ఇద్దరు ఇంజనీర్లు చుట్టకు పెద్ద బాకాను తగిలించి శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జనసమూహానికి ప్రసంగం వినిపించారు. నేటి జాతర మైకుకు అది పూర్వీకుడు. కాని ఇళ్ళలో మాత్రం తొలినాళ్ళ రేడియో శ్రోత చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని ఒంటరిగా వినవలసి వచ్చేది. ఒక ఇంట్లో ఒకరు వింటుంటే తక్కినవారు ఆ ముఖం వంక చూస్తూ కూర్చునేవారు.

ఆ ఒంటరితనాన్ని పోగొట్టినది 1925. ఆ ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తున్న చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇంజనీర్లు కాగితపు శంకువుతో బాకా అవసరం లేని స్పీకరును లోకానికి ప్రకటించారు. బజారులోకి వచ్చిన ఆ స్పీకరు పెట్టెలోనే ఒక ఆంప్లిఫయరు ఉండేది. ఇంటి కరెంటుతోనే అది నడిచేది. దాని శక్తి ఎంత? సుమారు ఒక వాటు! ఆ ఒక్క వాటుతో ఇంటిల్లిపాదీ కలిసి వినడం మొదలైంది. ఆనాటి స్పీకర్లలో అయస్కాంతానికి కూడా విడిగా కరెంటు ఇవ్వవలసి వచ్చేది. 1931లో జపానులో మిషిమా అనే శాస్త్రవేత్త బలమైన అయస్కాంత లోహాన్ని కనుగొన్నారు. ఆ జాతి లోహాలు వ్యాపించిన తరువాత ఆ బాధ తీరింది.

ఇక మన ప్రాంతపు సంగతి. హైదరాబాదులో 1933లో మహబూబ్ అలీ అనే ఆయన 200 వాట్ల ప్రసారకేంద్రాన్ని చిరాగ్ అలీ సందులో నెలకొల్పారు. 1935లో నిజాం ప్రభుత్వం దానిని స్వాధీనం చేసుకొన్నది. 1939లో సరూర్‌నగర్‌లో 5 కిలోవాట్ల ట్రాన్స్‌మిటరు వచ్చింది. 1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. జహీరాబాదు అక్కడికి దాదాపు 100 కిలోమీటర్ల దూరం. తరంగాలు దూరం నడవగలవు; కాని వాటిని పట్టే రేడియోకు కరెంటు ఏది? విద్యుత్తు లేని ఊళ్ళలో వాల్వు రేడియోలు బ్యాటరీల మీద నడిచేవి. వాల్వుల తంతువును వెలిగించడానికి ఒక చిన్న బ్యాటరీ, ధ్వనికి కావలసిన ఎక్కువ వోల్టేజికి 90 వోల్టుల పెద్ద బ్యాటరీ. ఇంటి కప్పు మీద ఏరియల్ తీగ, పెరట్లో పాతిన ఎర్తు కడ్డీ, వేసవిలో ఆ కడ్డీకి పోసే చెంబెడు నీళ్ళు – ఇవన్నీ రేడియో గల ఇంటి నిత్యకృత్యాలు. బ్యాటరీ ఖరీదును తలచుకొని వార్తలు కాగానే సెట్టు కట్టేసిన గృహస్థులు ఎందరో!

ఊరంతటికీ ఒకే సెట్టు ఉన్న రోజులలో అందరూ దాని ముందు చేరేవారు. 1956లో పూనా పరిసర జిల్లాలలో యునెస్కో సహాయంతో జరిగిన గ్రామీణ శ్రోతల సంఘాల ప్రయోగం ఈ అలవాటుకు ఒక క్రమాన్ని ఇచ్చింది. ప్రసారం విని, చర్చించుకొని, సందేహాలను ఉత్తరాలుగా కేంద్రానికి పంపేవారు. 1959 నవంబరు నుంచి ఈ పద్ధతి దేశమంతటా అమలులోకి వచ్చింది. మాట తరంగాల మీద వెళ్ళేది, జవాబు తపాలాలో వచ్చేది. పల్లెకు చెవి దొరికింది. నోటికి ఇంకా పోస్టుకార్డే గతి.

నగరాలలో ఇంతలో మరొక ముచ్చట మొదలైంది – ధ్వనిని సహజంగా వినాలన్న కోరిక. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ గాలి చొరని చిన్న పెట్టెలో నుంచి గంభీరమైన మంద్రధ్వనిని పలికించారు. 1957లో ఇంగ్లండులో పీటర్ వాకర్ శంకువును వదిలి, పలుచని పొర చేత పలికించే స్పీకరును బజారులోకి తెచ్చారు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ పెట్టె కొలతలను లెక్కగట్టే మార్గం చూపించారు. వడ్రంగి చేతివాటం మీద ఆధారపడిన విద్య అప్పటి నుంచి గణితం అయింది.

నేడు మన ఇళ్ళలోనూ లక్షలు పోసి స్పీకర్లు కొనేవారు ఉన్నారు. వారు తరచు అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని వాట్లు? ఈ ప్రశ్నకు సమాధానం ఆశ్చర్యకరంగా ఉంటుంది. సాధారణమైన ఇంటి స్పీకరు తాను పుచ్చుకొన్న విద్యుత్తులో నూటికి ఒక వంతును కూడా ధ్వనిగా మార్చలేదు. తక్కినదంతా వేడిగా పోతుంది. అయినా ఒక వాటు ఇస్తే ఒక మీటరు దూరాన దాదాపు 87 డెసిబెళ్ళ ధ్వని వస్తుంది. మనిషి మామూలుగా మాట్లాడే గొంతు సుమారు 60 డెసిబెళ్ళే. 50 వాట్లను 100 చేస్తే పెరిగేది 3 డెసిబెళ్ళు మాత్రమే. చెవికి ధ్వని రెట్టింపు అనిపించాలంటే శక్తి దాదాపు పది రెట్లు కావాలి. మరి పెద్ద ఆంప్లిఫయరు ఎందుకు? మృదంగం మీద పడే ఒక్క దెబ్బకు ఆ క్షణాన సగటు కన్న పదిరెట్లో, ఒక్కొక్కప్పుడు నూరురెట్లో శక్తి అవసరమవుతుంది. ఆ నిలువ లేని చిన్న ఆంప్లిఫయరును గొంతు చించుకొనేటట్లు తిప్పితే ధ్వని తరంగాల తలలు తెగుతాయి. ఆ తెగిన ధ్వనియే హెచ్చుస్థాయి పలికే చిన్న స్పీకరును కాల్చివేస్తుంది. స్పీకర్లను పాడుచేసేది ఎప్పుడూ అధిక శక్తియే అనుకొనడం పొరపాటు.

మరి కొన్ని జాగ్రత్తలు చెబుతాము. 8 ఓముల స్పీకర్లు రెండింటిని పక్కపక్క తీగలకు కలిపితే 4 ఓములు అవుతాయి. ఆంప్లిఫయరు అంత కరెంటు ఇవ్వగలదో లేదో ముందే చూడాలి. దూరం పెరిగినకొద్దీ తీగ లావుగా ఉండాలి. వాల్వు ఆంప్లిఫయరును స్పీకరు తగిలించకుండా నడపరాదు. గోడలోని ఎర్తు సరిగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించాలి.

చోటు విషయానికి వస్తే, మూలకు నెట్టిన స్పీకరు గుయ్యిమంటుంది. రెండు గోడలూ, నేలా మంద్రధ్వనిని పెంచి మాటను మింగుతాయి. స్పీకర్లు రెండూ, మీరు కూర్చునే కుర్చీ, మూడూ సమాన దూరంలో ఉండాలి. చిన్న స్పీకరు మీ చెవి ఎత్తున ఉండాలి. మన ఇళ్ళలో షాబాదు బండల నేల, సున్నపు గోడలు ధ్వనిని అద్దంలాగా తిప్పికొడతాయి. గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. ఖంగుమని మ్రోగితే నేల మీద జంపఖానా పరచి, కిటికీకి తెర కట్టి, గోడకు పుస్తకాల బీరువా చేర్చండి. ఆంప్లిఫయరు మార్చడం కన్న ఇది చౌక, ఫలితం అధికం. అమర్చిన తరువాత పాటతో పరీక్షించవద్దు. బాగా ఎరిగిన మనిషి మాటను వినండి. ఆ మనిషి ఎదుట కూర్చుని మాట్లాడుతున్నట్లు తోస్తే మీ స్పీకరు సరిగా నిలిచినట్లే.

ఎరిగిన మనిషి మాట అన్నాము. ఝరాసంగం మండలంలోని మాచ్‌నూరు గ్రామం మమ్మల్ని నిలదీసేది అక్కడే. ఆ ప్రాంతపు స్త్రీలకు రేడియోలో ఎన్నేళ్ళుగానో వినిపించినవి ఎరుగనివారి గొంతులు, ఎరుగని పలుకుబడి. జహీరాబాదు పరిసరాలలో 1983 నుంచి పనిచేస్తూ వచ్చిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చేరదీసిన మహిళా సంఘాలలో ఎక్కువమంది దళిత స్త్రీలు, చిన్న కమతాల రైతులు. జొన్న, కొర్ర, సామ విత్తనాలను ఇంటి కుండలలో కాపాడుకొన్నవారు. యునెస్కో సహాయంతో 1998లో మాచ్‌నూరులో వారికి ఒక స్టూడియో ఏర్పడింది. రికార్డు చేయడం నేర్చుకొన్నారు. కాని ప్రసారం చేయడానికి అనుమతి లేదు. అందుచేత దాదాపు పదేళ్ళపాటు తమ మాటలను టేపులకెక్కించి, సంఘం సమావేశాలలో టేపురికార్డరు పెట్టుకొని విన్నారు. విత్తనం సంగతి, వైద్యం సంగతి, పొలం పాట – అన్నీ తమ యాసలోనే.

వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. 2002లో వచ్చిన విధానం విద్యాసంస్థలకు మాత్రమే వీలిచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా దారి తెరుచుకొన్నది. 2008 అక్టోబరు 15న, గ్రామీణ మహిళల అంతర్జాతీయ దినం నాడు, 90.4 మెగాహెర్ట్జ్‌పై సంగం రేడియో పలికింది. ప్రారంభించినవారు 1995 నాటి తీర్పు రాసిన జస్టిస్ పి. బి. సావంత్. కేంద్రాన్ని నడిపినవారు జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ. అప్పట్లో ప్రతిరోజూ రాత్రి 7 నుంచి 9 గంటల వరకు ప్రసారం. పొలం పని ముగిసి పొయ్యి ముందు కూర్చునే వేళ.

అటువంటి కేంద్రానికి నిబంధనలు అనుమతించిన ప్రసారశక్తి ఎంత? 100 వాట్లు! నగరంలో ఒక గృహస్థు తన హాలులో సంగీతం వినడానికి కొనే ఆంప్లిఫయరు మీద అచ్చువేసిన అంకె అదే. ఒకటి స్పీకరు తీగలో నడిచే శక్తి, మరొకటి ఏరియల్ నుంచి వెలువడే శక్తి. రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేము. అయినా ఆ అంకె వద్ద మేము ఒక్క క్షణం ఆగాము. ఒక గదికి చాలదేమో అని మనం సందేహించే అంకెతో చుట్టుపట్ల పల్లెలు తమ మాట తాము విన్నాయి.

మేము ఈ వృత్తిలో మాటను శుద్ధిచేసి, తూకం వేసి, మైకు ముందు పెట్టడం నేర్చినవారము. ఈ వ్యాసం కూడా ఆ భాషలోనే రాశాము. మా భాష మాచ్‌నూరులో అతిథి. వారి భాష ఇంటిది. మీ ఇంట స్పీకరును ఎంత శ్రద్ధగా నిలుపుతారో నిలపండి, ఎంత మంచి ఆంప్లిఫయరు కొంటారో కొనండి. ఒక సాయంత్రం మాత్రం ఆ మంచి స్పీకరులో మీ ఊరి యాస, మీ నాయనమ్మ మాట్లాడిన యాస ఎన్నాళ్ళుగా వినపడలేదో ఆలోచించండి. ఝరాసంగం జాతరలో పల్లెవాసి స్పీకరును మైకు అన్నప్పుడు ఇక మేము నవ్వము.