గృహవిద్యకు సద్గ్రంథము పునాది: గౌతమీ తీరమున ఒక పరిశీలనము

బిడ్డ చదువునకు మొదటి రాయి ఎక్కడ పడవలెను? బడిలోనా, ఇంటిలోనా? నేడు పాశ్చాత్య దేశములందును, మన దేశమున అక్కడక్కడను, కొన్ని క్రైస్తవ కుటుంబములవారు పిల్లలను బడికి పంపక ఇంటనే చదివించుచున్నారు. వారిలో పలువురు పాఠ్యపుస్తకములకంటె సద్గ్రంథములనే విద్యకు పునాదిగా గైకొనుచున్నారు. ఇది కేవలము పరదేశపు వాడుకయని తలచుట సరికాదు. గౌతమీ తీరమునను, తక్కిన తెలుగునాటను దీనికి పాత మూలములు కలవు. ఆ మూలములను చూపుటయు, వానివలన మనము గ్రహింపవలసిన హెచ్చరికను తెలుపుటయు ఈ వ్యాసోద్దేశము.

కాకినాడకు దక్షిణమున, గౌతమినుండి కోరంగి పాయ చీలు తావున యానాము కలదు. దరియాలతిప్ప ఆ యానామునకు చేరిన పల్లె. తిప్ప యనగా నీటి చెంత మెరకయైన నేల. 1723లో ఫ్రెంచివారు యానామున కాలూనిరి. నడుమ అది పలుమార్లు చేతులు మాఱినది. 1954 నవంబరు 1న దాని పాలనము భారతదేశమునకు సంక్రమించెను. 1962 ఆగస్టు 16న ఆ సంక్రమణము చట్టరీత్యా పూర్తియయ్యెను. ఫ్రెంచి యేలుబడిలో ప్రభుత్వభాష ఫ్రెంచి. రోమను కతోలిక దేవాలయమున బలిపూజ జరుగు భాష లాటిను. 1962 మొదలు 1965 వఱకు జరిగిన రెండవ వాటికను మహాసభ పిదపగాని పూజలో దేశభాషలకు విస్తారమైన చోటు లభింపలేదు. ఇంటి భాష మాత్రము తెలుగు. ఇట్టి చోట విశ్వాసము బిడ్డకు అర్థమగు మాటలలో చేరవలెనన్న, ఉపదేశికుని బోధతోపాటు తల్లిదండ్రుల నోటిమాటయే దిక్కు. మూడు భాషల నడుమ పెరుగు బిడ్డకు ఇల్లు ఎంతటి విద్యాలయమో దీనినిబట్టి ఊహింపవచ్చును.

ఇల్లే తొలి బడియను భావము తెలుగు ముద్రణచరిత్రతోడనే ముడివడి యున్నది. తెలుగు పలుకులు అచ్చున కెక్కిన తొలి పుస్తకములలో కొన్ని మన దేశమున గాక, జర్మనీయందలి హాలే నగరమున అచ్చయినవి. చెన్నపట్టణమున పనిచేసి స్వదేశమునకు మరలిన బెంజమిను షుల్జ్ అను మతబోధకుడు 1746లో లూథరుని చిన్న ప్రశ్నోత్తర గ్రంథమును తెలుగున అచ్చొత్తించెను. ఆ మూలగ్రంథము 1529లో వెలువడినది. అందలి భాగములకు లూథరు పెట్టిన శీర్షికలు గమనింపదగినవి: ఇంటి యజమానుడు తన యింటివారికి ఈ విషయమును సులభముగా ఎట్లు నేర్పవలెనో అవి తెలుపును. అనగా అది ముఖ్యముగా ఇంటి పెద్ద చేతిలో నుండవలసిన గ్రంథము. తెలుగు అచ్చుపుస్తకము పుట్టుకలోనే గృహవిద్యకు ఉద్దేశింపబడిన దనుట అతిశయోక్తి కాదు.

అయితే ఇంట చదువు చెప్పుట క్రైస్తవులతో మన దేశమునకు వచ్చిన యాచారము కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో రాజధాని యందలి చదువు స్థితిని గూర్చి జిల్లా కలెక్టర్లను విచారించెను. చెన్నపట్టణమున ఇండ్లలో చదువుకొనువారు బడులలో చదువుకొనువారికి అయిదింతలకు మించి యున్నారని ఆ విచారణలో లెక్క వచ్చినది. 1826లో మన్రో ఆ లెక్కను కొంత శంకించినను, ఇండ్లలో తండ్రులును, బంధువులును, సొంతముగా కుదుర్చుకొన్న పంతుళ్లును చదువు చెప్పు వాడుక విస్తారముగా నున్నదని యొప్పుకొనెను.

ఆ విచారణకు బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెలు 1823లో పంపిన సమాధానము మిక్కిలి విలువైనది. తెలుగు కన్నడములు రెండును వ్యవహారమున నున్న ఆ జిల్లాలో 533 బడులును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన వ్రాసెను. ముందు నేర్చిన పిల్లలు వెనుకటివారికి నేర్పు పద్ధతిని, తక్కువ వ్యయమున వ్రాత నేర్పు నేర్పును ఆయన మెచ్చుకొనెను. కాని ఒక పెద్ద లోపమును చూపెను. పిల్లలు చదువు పుస్తకములు పద్యములలో, వాడుకకు దూరమైన భాషలో నుండుటచేత, వారు వందలకొలది పద్యములు అప్పగింపగలిగియు వాని భావమెఱుగక చిలుకలవలె వల్లించుచున్నారని ఆయన ఫిర్యాదు. గ్రంథములు మంచివే, పిల్లలు కష్టించినవారే. చదువునకును భావమునకును నడుమ మాత్రము వంతెన లేదు. సద్గ్రంథము ఇంట నున్నంతమాత్రమున చాలదను హెచ్చరిక మనకు ఇచ్చటనే లభించుచున్నది.

ఆ వంతెనను కట్టుటకు పందొమ్మిదవ శతాబ్దియందు పలువురు పూనుకొనిరి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనువారు జార్జి క్రాను, అగస్టసు డె గ్రాంజిలు, ఆనందరాయరను పండితుని సాయమున, సువార్తలను తెలుగు చేయ నారంభించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. అప్పటికే ఆ దొరలిరువురును కాలధర్మము చెందిరి. 1836లో విలియము బౌడెను, జార్జి బీరులు ఇంగ్లండునుండి వచ్చి, పిమ్మట నరసాపురము ప్రాంతమున గోదావరీ డెల్టా మిషనుకు పునాది వైచిరి. వారు పెద్ద చదువుల పండితులు కారు. ఒకరు రాతిపనివారు, మఱియొకరు చెప్పులు కుట్టువారు. చేతిపనివారి యిండ్లలోనికి గ్రంథము ప్రవేశించుటకు పాండిత్యము అడ్డుగోడ కానక్కఱలేదని వారి జీవితము చాటినది.

అక్షరము రాని యింటికి పాట దారి చూపెను. పురుషోత్తమ చౌధరి (1803-1890) మొదలగు కవులు రచించిన క్రైస్తవ కీర్తనలు మన రాగతాళములలో నుండుటచేత చదువురానివారికిని కంఠస్థములైనవి. చెవికి పరిచితమైన చరణమును పుటపై వ్రేలుంచి గుర్తించుట, క్రొత్తగా అక్షరములు కూడబలుకువారికి ఎంతటి సాయమో అక్షరాస్యత నేర్పినవారికి తెలియును.

వచనము వైపునను కృషి జరిగెను. చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను ప్రకటించెను. కందుకూరి వీరేశలింగము 1878లో రాజశేఖర చరిత్రమును వెలువరించెను. గోల్డుస్మిత్తు ఆంగ్లనవల యొకటి దానికి ప్రేరణము. 1883లో ఆయన సతీహితబోధిని యను పత్రికను స్త్రీలకొఱకే నడపెను. ఇవి క్రైస్తవ గ్రంథములు కావు. అయినను తల్లి చదువక బిడ్డ చదువు ఇంట నిలువదను సత్యమును గోదావరి యొడ్డుననే ఒక సంస్కర్త గుర్తించెనని చెప్పుటకు ఇది తార్కాణము.

ఇదే సత్యమును అంతకు ముందే ఇంగ్లండున ఒక తల్లి ఆచరించి చూపెను. ఎప్వర్తు గ్రామమున సుసన్నా వెస్లీ తన బిడ్డలకు అయిదవ యేట చదువు ప్రారంభించి, అక్షరములు రాగానే ఆదికాండము మొదటి అధ్యాయమును పట్టించెడిది. ఆడపిల్ల చక్కగా చదువ నేర్చువఱకు ఆమెకు పనిపాటలు నేర్పరాదని ఆ యింటి నియమము. ఈ పద్ధతులను ఆమె 1732లో తన కుమారుడు జాన్ వెస్లీకి లేఖగా వ్రాసెను. పిదప షార్లెటు మేసను (1842-1923) గృహవిద్యకు ఒక శాస్త్రరూపము నిచ్చెను. ఆమె గ్రంథము 1886లో వెలువడినది. ముక్కలుగా కత్తిరించిన పాఠములకంటె, విషయమును ప్రేమించిన రచయిత వ్రాసిన సజీవ గ్రంథము మేలని ఆమె వాదము. ఆమె చెప్పిన సాధనము అతి సులభము: ఒక భాగమును ఒక్కమాఱు చదువవలెను, పిమ్మట పుస్తకము మూసి, ఆ విషయమును బిడ్డచేత సొంతమాటలలో చెప్పింపవలెను. క్యాంబెలు చూపిన లోపమునకు ఇంతకంటె మంచి మందు కానరాదు. చిలుక వల్లింపగలదు గాని తన మాటలలో తిరిగి చెప్పజాలదు.

ఇక ఈ చరిత్రను మన నేటి స్థితికి అన్వయింతము. బడిని విడిచిపెట్టవలెనని ఈ వ్యాసము చెప్పుటలేదు. తల్లిదండ్రులు ఇరువురును కూలికో వేటకో పోవు ఇంట, పుస్తకము కొను స్తోమత లేని ఇంట, బడియే బిడ్డకు ఆధారము. ఆడపిల్లలకు అనేక తావుల చదువు తలుపు తెఱచినది బడియే. ఆఱు మొదలు పదునాలుగేండ్ల వయసు బిడ్డలకు ఉచిత నిర్బంధ విద్యను 2009 నాటి చట్టము హక్కుగా నొసగినది. ఇంట చదువుకొనువారికి 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ పరీక్షల మార్గము చూపుచున్నది. బిడ్డ బడికి పోయినను పోకున్నను, పునాది వేయు బాధ్యత మాత్రము ఇంటిదే.

ఆ పునాదికి నేడు ఒక ప్రమాదము వాటిల్లినది. ఆంగ్లమాధ్యమమున చదువు బిడ్డలలో అనేకులు తెలుగు మాటలాడగలరు గాని తెలుగు పుట చదువలేరు. ప్రవాసమున నున్న కుటుంబములలో ఇది మఱింత అధికము. తాతగారు వాడిన తెలుగు బైబిలు, అవ్వ చేతిలో నలిగిన కీర్తనల పుస్తకము బీరువాలో భద్రముగా నుండును. వానిని తెఱచు మనుమడు ఉండడు. నాడు యానామున పూజలోని లాటిను బిడ్డకు ఎంత దూరమో, నేడు తన యింటి తెలుగే మనుమనికి అంత దూరమగుచున్నది. దీనిని ఆపుటకు పెద్ద సంస్థలు అక్కఱలేదు. దినమునకు ఒక పావుగంట, ఒక మంచి తెలుగు పుస్తకము, గట్టిగా చదువు ఒక పెద్ద, విన్నదానిని తిరిగి చెప్పు ఒక బిడ్డ ఉన్న చాలును. లూథరు గ్రంథము ఇంటి యజమానుని కోరినదియు ఇంతమాత్రమే. దరియాలతిప్పలో నున్న తల్లియైనను, దూరదేశమున నున్న తండ్రియైనను ఈ రాత్రియే ప్రారంభింపదగిన పని యిది.