మూడు దారుల నీళ్లు, మూడు కాలువల ఊరు

మా తెనాలిని ఆంధ్రా పారిస్ అంటారు. ఊళ్లోంచి మూడు కాలువలు పారుతున్నందుకే ఆ పేరొచ్చిందని మా పెద్దవాళ్లు చెప్పేవారు. నాటకాల వల్ల వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. నేను కాలువల పక్షం. పారిస్ చూడలేదు గానీ, మా అమ్మాయి పుణ్యమా అని రోమ్ చూశాను. అక్కడ ట్రెవీ ఫౌంటెన్ ముందు నిలబడితే నాకు గుర్తొచ్చింది మా కాలువల మీది దుగ్గిరాల లాకులు.

ఇరుకు సందుల్లో నడుస్తుంటే ముందు హోరు వినబడింది. లాకుల దగ్గర షట్టర్ల కింద నీళ్లు పడే హోరు అచ్చం అలాగే ఉంటుంది. మలుపు తిరగ్గానే ఒక పెద్ద భవనం గోడ గోడంతా ఫౌంటెనే. 26 మీటర్ల ఎత్తు, 49 మీటర్ల వెడల్పు. మధ్యలో ఆల్చిప్ప రథం మీద సముద్రదేవుడు. రథానికి రెండు గుర్రాలు, ఒకటి పొగరుది, ఒకటి సాధువు. కుడి చివర గట్టు మీద మాత్రం దేనికీ పొసగని పెద్ద రాతి కూజా ఒకటుంది. ఎదురుగా ఉన్న మంగలి షాపతను పనికి రోజూ వంకలు పెడుతుంటే, అతనికి కనబడకుండా శిల్పి అడ్డం పెట్టాడని కథ. విగ్రహాలు చేసేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. నిలబడి వంకలు పెట్టేవాళ్లకీ కొదవ లేదు.

ఇంత ఆర్భాటమూ ఒక కాలువ చివర కట్టింది. క్రీ.పూ. 19లో అగ్రిప్పా అనే సేనాని ఊరవతలి ఊట నీళ్లను ఇరవై కిలోమీటర్ల కాలువలో, దాదాపు అంతా భూమిలోపలి నుంచే, ఊళ్లోకి తెచ్చాడు. క్రీ.శ. 537లో గోత్ జాతివాళ్లు ముట్టడి వేసి నగరానికొచ్చే కాలువలు తెగ్గొట్టారు. తరవాత పోప్‌లు బాగుచేయించుకున్నారు. 1732లో శిల్పి నికోలా సాల్వీ చేతికొచ్చిన ఫౌంటెన్ ఆయన పోయిన పదకొండేళ్లకి, 1762లో పూర్తయింది. ట్రెవీ అంటే మూడు దారులు కలిసే చోటట. మూడు కాలువల ఊరివాణ్ణి, ఆ మాట చెవిన పడగానే ప్రాణం లేచొచ్చింది.

మా నీళ్ల కథ ఆకలితో మొదలైంది. 1832–33 నందన కరువుకి గుంటూరు సీమలో లక్షకు పైగా జనం పోయారు. డొక్కలు బయటపడ్డ మనుషుల్ని చూసి డొక్కల కరువన్నారు. పక్కనే కృష్ణ పారుతూనే ఉంది, పొలానికి ఎక్కే దారే లేదు. ఇరవై ఏళ్లు గడిచాక బెజవాడ దగ్గర ఆనకట్ట మొదలై 1855కి పూర్తయింది. దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఛార్లెస్ ఆర్. ఆనకట్టలకి పేరుపడ్డ కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, ఆర్ పేరు మాత్రం మా పిల్లలకి తెలియదు. 1952లో ఆనకట్ట తెగాక, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది.

సీతానగరం దగ్గర తలుపు దాటిన నీళ్లు దుగ్గిరాలలో పాయలై మాకొస్తాయి. ఒకప్పుడు వీటి మీద ధాన్యం పడవలు నడిచేవి. నా చిన్నప్పుడు కాలువకి నీళ్లు వదిలారని తెలియగానే వంతెన మీదికి పరిగెత్తేవాళ్లం. ముందు ఎండుగడ్డి, చెప్పులు, కొబ్బరిచిప్పలు తోసుకుంటూ బురద నురగ వచ్చేది. ఆ వెనకాల ఎర్రనీళ్లు. పగుళ్లిచ్చిన అడుగుమట్టి ఆ నీళ్లు తాగుతూ బుడబుడలాడేది. ఇప్పుడు ముందొచ్చేవి ప్లాస్టిక్ సంచులు, ఆ పైన గుర్రపుడెక్క. అందులో మా వీధి వాటా కూడా ఉంది.

రోమ్‌వాళ్లు కాలువ చివర దేవుణ్ణి కూర్చోబెట్టారు. మా కాలువల చివర శివారు రైతు కూర్చుంటాడు. రేపల్లె, నగరం, నిజాంపట్నం వైపు, నారుమడి గట్టు మీద. ఎగువ నిండాకే దిగువకి. అక్కడ నీళ్లందిన రోజు ఏ ఫౌంటెనూ పనికిరాదు.

"నాన్నా, అటు తిరిగి నిలబడి భుజం మీంచి వెనక్కి వెయ్యాలి" అని మా అమ్మాయి నాణెం చేతిలో పెట్టింది. అలా వేస్తే మళ్లీ రోమ్ వస్తారట. ఆ చిల్లరంతా ఏరి బీదలకిస్తారు. సరే, వేశాను. ఇంటికొస్తూ బెజవాడలో పాసింజరెక్కాం. కృష్ణ వంతెన మీదికి రాగానే మా ఆవిడ రూపాయి బిళ్ల కళ్లకద్దుకుని కిటికీ ఊచల్లోంచి విసిరింది. వంతెన ఇనప కమ్మీకి తగిలి ఠంగుమంది. "పడిందంటారా?" అంది. చక్రాల మోతలో ఏం వినబడుతుంది! ఇంకో బిళ్ల కోసం జేబు తడుముకునేలోపు తాడేపల్లి గట్టు వచ్చేసింది.