ఒక యాంటెన్నా, రెండు వాటాలు

మొన్న మా ఇంట్లో మూడో గదికి కూడా టీవీ వచ్చింది. బిగించడానికి వచ్చిన అబ్బాయి డాబా మీద డిష్ చూసి, "దీన్నుంచి ఇంకో వైరు విడిగా లాగాలమ్మా, ఉన్నదాన్నే చీలిస్తే కుదరదు" అన్నాడు. ఆ మాట వినగానే తెనాలిలో మా పాత డాబా మీది యాంటెన్నా గుర్తొచ్చింది. ఒకే వైరుని చీల్చి రెండు కాపురాలకి పంచిన యాంటెన్నా అది.

అసలు మన దేశంలో టీవీ పంచుకునే వస్తువుగానే పెరిగింది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రసారాలు మొదలయ్యాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకి కార్యక్రమాలు పంపారు. వాటిలో మన ఆంధ్ర పల్లెలూ ఉన్నాయి. ఊరికి ఒక సెట్టు, దాని ముందు ఊరంతా. 1977లో హైదరాబాదు కేంద్రం వచ్చింది. 1984 ప్రాంతంలో దేశమంతటా చిన్న రిలే కేంద్రాలు వరసగా వెలిశాక, ఊరికొకటిగా ఉన్న సెట్టు వీధికొకటి అయింది.

1987 జనవరి 25న రామాయణం సీరియల్ మొదలయ్యేనాటికి మా వీధిలో ఉన్నవి రెండే టీవీలు. ఒకటి మాది. హాల్లో మగవాళ్లు, పిల్లలు, ఇరుగుపొరుగు. అమ్మా, పిన్నీ వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక చెవి కుక్కర్ మీద పెట్టి చూసేవాళ్లు.

డాబా మీద చేప వెన్నుముల్లులా ఉండే ఆ యాంటెన్నాని 1926లో జపాన్‌లో తోహోకు విశ్వవిద్యాలయానికి చెందిన యాగి, ఉడా అనే ఇద్దరు తయారుచేశారు. ప్రయోగాల్లో ఎక్కువ భాగం ఉడాదే అంటారు. కానీ చాలా చోట్ల దాన్ని యాగి యాంటెన్నా అనే పిలుస్తారు. పని ఇద్దరిదీ, పేరు ఒకరిదీ అన్నమాట. వంటింట్లో ఉన్నవాళ్లకి ఇదేం కొత్త కాదు కదా!

1989లో నాన్న, బాబాయి వేరుపడ్డారు. వరండా మధ్యలో గోడ లేచింది. బిందెలు, మంచాలు, కొబ్బరిచెట్లు అన్నీ లెక్కపెట్టి పంచారు. మాటలు ఆగిపోయాయి. బాబాయి ఓ పాత చిన్న టీవీ కొన్నాడు. యాంటెన్నా దగ్గరకొచ్చేసరికి నానమ్మ మాత్రం ఒప్పుకోలేదు. "దాన్ని పంచేది లేదు. ఇద్దరూ వాడుకోండి" అంది.

బాబాయి డాబా ఎక్కి, వైరు పైతొక్క గీకి, తన వైరు దానికి మెలిపెట్టాడు. రెండిళ్లలోనూ బొమ్మ పాడైంది. ఒక్కో మనిషి పక్కన ఇంకో నీడ మనిషి. నువ్వు లాగేస్తున్నావంటే నువ్వు లాగేస్తున్నావని పిల్లల ద్వారా కబుర్లు నడిచాయి.

చివరికి రేడియో షాపు మెకానిక్ వచ్చి, మెలిపెట్టిన తీగ విప్పేసి, అగ్గిపెట్టెంత స్ప్లిటర్ బిగించాడు. ఉత్తినే మెలిపెడితే సిగ్నల్ కొంత వెనక్కి తన్నుకొస్తుందని, ఆ నీడలు అందుకేనని చెప్పాడు. స్ప్లిటర్ అయితే సరిసమానంగా పంచుతుంది. పంచినందుకు అదీ కొంచెం తింటుంది కాబట్టి ఒక్కొక్కరికి వచ్చేది సగం కన్నా కాస్త తక్కువే. ఇంకో మాట కూడా చెప్పాడు. పక్కింట్లో టీవీ కట్టేసినా మన వాటా పెరగదట! నాన్న మొహం చూడాల్సింది.

నీడలు పోయాయి కానీ బొమ్మ మీద చుక్కలు వచ్చాయి. నాన్న మా టీవీ వెనకాల ఒక బూస్టర్ తెచ్చి పెట్టాడు. బొమ్మతో పాటు చుక్కలూ పెరిగాయి. మెకానిక్ నవ్వి, "పంచకముందే పెంచాలండీ. పంచాక పెంచితే చెత్త కూడా పెరుగుతుంది" అన్నాడు. అంటే బూస్టర్ డాబా మీద, స్ప్లిటర్‌కి ముందు ఉండాలి. అప్పుడది ఇద్దరిదీ అవుతుంది. ఖర్చు ఎవరిది, కరెంటు ఎవరి మీటరుది? నానమ్మే తేల్చింది. బూస్టర్ సొమ్ము బాబాయిది, కరెంటు మాది.

ఆ తర్వాత గాలివాన వస్తే యాంటెన్నా తిరిగిపోయేది. నాన్న పైకెక్కి తిప్పుతుంటే కింద నుంచి మేం అరవాలి. మా ఇంట్లో బాగుందని వదిలేస్తే అవతల చుక్కలుండొచ్చు. అందుకని నాన్న గోడకి అవతలివైపు వంగి "వచ్చిందా?" అని అడిగేవాడు. "వచ్చింది" అని బాబాయి లోపల్నించే పలికేవాడు. ఏళ్ల తరబడి ఆ అన్నదమ్ముల మధ్య నడిచిన మాటలు ఆ రెండే. అమ్మా, పిన్నీ మాత్రం పెరటి గోడ దగ్గర మహాభారతం ఎపిసోడ్ గురించి గంటలు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ కూర్చుని చూడ్డానికి చోటుంది, పక్కన తోడే లేదు.

1995లో ఈటీవీ, జెమినీ వచ్చాయి. ఆ తర్వాత కేబుల్ వాడు ఎవరింటికి వాళ్లకి విడిగా వైరు వేశాడు. బొమ్మ అద్దంలా వచ్చేది. డాబా ఎక్కే పని లేదు. దాంతో ఆ రెండు మాటలూ పోయాయి. మళ్లీ వాళ్లు మాట్లాడుకున్నది నానమ్మ పోయిన రోజునే.

డిష్ వైరు ఎందుకు చీల్చకూడదని ఆ అబ్బాయిని అడిగాను. పాత యాంటెన్నా వైరులో దొరికిన చానళ్లన్నీ ఒకేసారి కిందకి వచ్చేవి, ఎవరికి కావలసింది వాళ్లు చూసుకునేవాళ్లు. ఇప్పుడు ఏ వరస చానళ్లు కావాలో బాక్సే వైరు ద్వారా డిష్‌కి చెబుతుందట. రెండు బాక్సులు రెండు రకాలుగా చెబితే అది ఎవరి మాట వినాలి?

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు డాబా ఎక్కాను. యాంటెన్నా చువ్వలు రాలిపోయి, గొట్టానికి బట్టల తాడు కట్టి ఉంది. తుప్పుపట్టిన స్ప్లిటర్ ఇంకా అలాగే ఉంది. ఒకవైపు మా వైరు, ఇంకోవైపు బాబాయి వాళ్ల వైరు. ఎవరూ విప్పలేదు.