పార్శ్వపు తలనొప్పి — మాత్ర చరిత్ర



నేడు నేను చెప్పబూనిన చరిత్ర రాజులది కాదు, కోటలది కాదు, తలనొప్పి మాత్రది. తలనొప్పికి చరిత్ర యేమని మీలో కొందరు నవ్వవచ్చును. ఆ బాధను నెలకు రెండుమార్లు అనుభవించువారు నవ్వరు. నేను వారిలో నొకడను గనుక ధైర్యముగా నారంభించుచున్నాను.

అన్ని తలనొప్పులును ఒకటి కావు. పడిశమువలన వచ్చునది వేరు, ఎండ దెబ్బవలన వచ్చునది వేరు. నేను చెప్పునది తరచుగా తలలో నొక ప్రక్కను బట్టి, కణతయొద్ద సమ్మెటతో కొట్టినట్లు అదరుచు, వెలుతురు చూడనీయక, చప్పుడు విననీయక, వాంతి చేయించి, ఒక పూట మొదలు మూడు దినములవరకు మనుష్యుని మంచమున పడవేయునది. దీనిని మనవారు పార్శ్వపునొప్పి యనియు, ఒంటితలనొప్పి యనియు అందురు. ఇంగ్లీషు వైద్యులు మైగ్రేను అందురు.

మా తల్లికి ఈ నొప్పి యుండెను. అది వచ్చిన దినమున ఆమె ధాన్యపు గదిలో తలుపు మూసికొని, తలకు గుడ్డ బిగించి కట్టుకొని పరుండెడిది. శొంఠి అరగదీసి నుదుట పట్టు వేసెడివారు. జ్వరము లేదు, దెబ్బ లేదు, వాపు లేదు; కనుక పనికి వెరచి పరుండినదని ఇంటిలో గొణుగుకొనెడివారు. పసివాడనైన నేనును అట్లే తలచితిని. ఇరువదిరెండవ యేట ఆ నొప్పి నాకే వచ్చినదాక నా తప్పు నాకు తెలియలేదు.

మన ప్రాచీన వైద్యులు ఈ రోగమును చక్కగా నెరిగియుండిరి. సుశ్రుతసంహితయొక్క ఉత్తరతంత్రమున శిరోరోగములు 11 అని లెక్కించి, అందు అర్ధావభేదకమను పేర దీనిని చెప్పిరి. తల సగమున పొడిచినట్లు, చీల్చినట్లు నొప్పి కలుగుననియు, పక్షమునకో, పది దినములకో, లేక అకస్మాత్తుగనో వచ్చుననియు అందు కలదు. చరకసంహితయందును ఇది వర్ణింపబడినది. పడమటి దేశమున క్రీస్తుశకము రెండవ శతాబ్దమున గేలెన్ అను వైద్యుడు దీనికి హెమిక్రేనియా యని పేరిడెను. ఆ మాటకు సగము కపాలము అని యర్థము. అదియే అరిగి అరిగి మైగ్రేను అయినది. అచ్చటివారును, ఇచ్చటివారును పేరు పెట్టునప్పుడు సగము అను మాటనే పట్టుకొనుట గమనింపదగినది.

పేరు తెలిసినను సరియైన మందు చాల కాలమునకు గాని దొరకలేదు. ఆ మందు పుట్టిన చోటు విన్నచో రైతులైన మీకు ఆశ్చర్యము కలుగును. సజ్జకంకికి, జొన్నకంకికి వచ్చు తేనెబంక తెగులును మీరెరుగుదురు. కంకినుండి జిగట కారి, పిదప గింజకు మారుగా నల్లని కొమ్మువంటిది పుట్టును. అట్టి గింజలు కలసిన సజ్జలు తిన్నవారికి వాంతులు, తలత్రిప్పుట, మత్తు కలుగును. అందుచేతనే సజ్జ విత్తనములను ఉప్పునీటిలో పోసి తేలినవానిని తీసివేయవలెనని వ్యవసాయశాఖవారు చెప్పుదురు. ఐరోపాలో గోధుమకు చుట్టమైన రై యను ధాన్యమునకు ఈ జాతి బూజే పట్టును. దానిపేరు ఎర్గాట్. దానిలోని విషము మన సజ్జ తెగులులోని దానికంటె వేరు, మిక్కిలి క్రూరమైనది. మధ్యయుగములలో ఆ రొట్టె తిన్న గ్రామములకు గ్రామములే పాడయ్యెను. రక్తనాళములు ముడుచుకొనిపోయి, కాలిచేతుల వ్రేళ్లు బొగ్గువలె నల్లనై రాలిపోయెడివి. ఒడలు మండుటచేత జనులు దానిని సెయింట్ ఆంథొని అగ్ని యని పిలిచిరి.

ఆ విషమే మందయినది. 1918 సంవత్సరమున స్విట్జర్లాండులోని బేసెల్ నగరమున, సాండోజ్ కంపెనీలో పనిచేయుచున్న ఆర్థర్ స్టోల్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఎర్గాట్ నుండి ఎర్గోటమీన్ అను పదార్థమును విడదీసెను. 1920ల దశాబ్దమున వైద్యులు దానిని పార్శ్వపునొప్పికి వాడిచూచి మేలు కనుగొనిరి. 1938 లో అమెరికాలో గ్రాహము, వుల్ఫ్ అను నిరువురు వైద్యులు, నొప్పి సమయమున కణతలోని ధమని ఎంతగా అదరుచున్నదో కొలిచి, ఆ మందిచ్చిన పిదప అదరు తగ్గుటయు, నొప్పి తగ్గుటయు ఒక్కసారి జరుగుచున్నవని చూపిరి. వ్రేళ్లను రాల్చిన గుణమే, అనగా నాళమును ముడుచు గుణమే, కొలిచి యిచ్చినచో తలకు శాంతి నిచ్చెను. ఎంత కొలిచి? ఒక మాత్రకు ఒక మిల్లీగ్రాము. గ్రాములో వేయవ వంతు.

ఇచ్చట ఒక మాట. మనము బిళ్లను మాత్ర యని యేల అందుము? మాత్ర యనగా కొలత. ఛందస్సులో లఘువునకు ఒక మాత్ర, గురువునకు రెండు మాత్రలు. కొలత తప్పినచో పద్యము చెడును. వైద్యమునను అంతే. చక్కగా వాడిన విషము ఔషధమగుననియు, వాడుట తెలియని ఔషధము విషమగుననియు చరకుడే చెప్పియున్నాడు. ఎర్గోటమీన్ ఈ రెండింటికిని నిదర్శనము. తరచుగా మింగినవారికి వ్రేళ్లు చల్లబడి తిమ్మిరులెక్కెను. అంతకంటె చిత్రమేమనగా, తలనొప్పియే దినదినమును రాసాగెను.

కావున మెదడు నాళములపై పనిచేయుచు, తక్కిన శరీరమును అంతగా బాధింపని మందు కావలసివచ్చెను. రక్తమునందు సిరొటోనిన్ అను పదార్థమొకటి కలదు. దానిని 1948 లో అమెరికాలో శుద్ధరూపమున వేరుచేసిరి. నరమునకు సూదివేసి దానినే ఎక్కించినచో పార్శ్వపునొప్పి తగ్గునని 1960 ప్రాంతమున తెలిసెను. గాని దానితో కలుగు బాధలు అనేకము. ఇంగ్లాండులో గ్లాక్సో కంపెనీయందు పాట్రిక్ హంఫ్రీ అను నతడు 1972 మొదలు, సిరొటోనిన్ చేయు పనులలో నొక్కదానిని మాత్రమే చేయు పదార్థమునకై వెదకెను. పండ్రెండేండ్లకు, 1984 లో, సుమాట్రిప్టాన్ చేతికి వచ్చెను. 1991 లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో, ఆ సూదిమందు పుచ్చుకొన్నవారిలో ఒక గంటకు నూటికి 70 మందికి పైగా నొప్పి తగ్గెను. మందు లేని వట్టి సూది వేసినవారిలో తగ్గినది సుమారు 25 మందికే. ఈ రెండవ అంకెనుకూడ మరువరాదు. మందు లేకయే నలుగురిలో నొకరికి తగ్గినదన్నమాట. మంత్రము వేయించుకొని, తాయెత్తు కట్టించుకొని తగ్గినదని చెప్పువారు అబద్ధమాడుట లేదు. అయినను వట్టి సూదితో పోల్చిచూడక మందు మేలు తెలియదు.

1998 లో నేను ఉపాధ్యాయుడనై యుండగా పట్టణమున నొక వైద్యుడు ఈ సుమాట్రిప్టాన్ మాత్ర, 50 మిల్లీగ్రాములది, నాకు వ్రాసియిచ్చెను. ధర విని గుండె జారినది. కావున నొప్పి ఓర్వరానిదగువరకు దానిని జేబులోనే యుంచుకొని, చివరకు మింగితిని. వాంతి అయినది, మాత్రయు పోయినది. వైద్యునియొద్దకు పోయి, మీ మందు వ్యర్థమంటిని. ఆయన నవ్వి, “మాస్టారూ, గడ్డివాముపై నిప్పురవ్వ పడినప్పుడు నీళ్లు చల్లుదురా, సగము కాలిన తరువాత చల్లుదురా?” అనెను. మరుమారు నొప్పి మొదలైన అరగంటలోపలనే వేసికొంటిని. కొంతసేపు మెడయు, ఎదయు బిగిసినట్లై భయము కలిగినది. రెండు గంటలకు తల తేలికపడినది. ఆ సాయంకాలము దీపము వెలుగున పిల్లలతో కూర్చుండి భోజనము చేసితిని. అట్టి దినమున అట్లు తినుట నాకు అదియే మొదలు. మా తల్లి అప్పటికి లేదు.

ఇక నా తప్పు చెప్పెదను. మందు దొరికినదను గర్వముతో తల కొంచెము బరువనిపించినను, పరీక్షాపత్రములు దిద్దుటకు ముందును, ప్రయాణమునకు ముందును మాత్ర వేయనారంభించితిని. ఆరు నెలలు తిరుగకమునుపే ప్రతిదినమును తలనొప్పి. మందు బలము చాలదని తలచి వైద్యుని అడుగగా, ఆయన క్రొత్త మందు వ్రాయలేదు. ఒక నెల దినచర్య వ్రాసికొని రమ్మనెను. వ్రాసి లెక్కించితిని. 13 దినములు మాత్ర మింగితిని. ఈ జాతి మాత్రలు నెలకు 10 దినములైనను, అంతకు మించినను, సామాన్యపు నొప్పి మాత్రలు 15 దినములైనను, అంతకు మించినను నెలల తరబడి వాడినచో, మందే నొప్పిని పుట్టించును. ఆయన చెప్పినట్లు మానితిని. పది దినములు నరకము. తరువాత నొప్పి మరల నెలకు రెండుమార్లకు దిగినది. ఆ నోటుపుస్తకము ఇప్పటికిని నాయొద్ద కలదు.

ఆరువదియవ యేట నా గుండె నాళములో అడ్డంకి యున్నదని తేలినది. సుమాట్రిప్టాన్ నాళములను ముడుచును గనుక, గుండెజబ్బు గలవారికి అది తగదు. వైద్యుడు దానిని మాన్పించెను.

ఈలోగా శాస్త్రము ఇంకొక మెట్టెక్కినది. గోడ్స్‌బీ, ఎడ్విన్‌సన్ అను శాస్త్రజ్ఞులు, నొప్పి సమయమున రోగి మెడలోని సిరనుండి రక్తము తీసి పరీక్షించి, సి.జి.ఆర్.పి. అను పదార్థము అందు పెరిగియున్నదని 1990 లో ప్రకటించిరి. సుమాట్రిప్టాన్‌తో నొప్పి తగ్గినప్పుడు అదియు తగ్గెను. ఇది చదివిననాడు నాకు ధాన్యపు గదిలోని మా తల్లి జ్ఞప్తికి వచ్చినది. జ్వరము లేదు, వాపు లేదు అని ఆమెను నమ్మని మాకు, రక్తమే సాక్ష్యము చెప్పినది.

ఆ పదార్థమును అడ్డగించు మందులకై యత్నము సాగినది. తొలుతటి వానిలో నొకటి కాలేయమునకు కీడు చేయుటచే విడువబడెను. 2019 లో ఉబ్రోజెపాంట్, 2020 లో రిమెజెపాంట్ అమెరికాలో అనుమతి పొందెను. ఇవి నాళములను ముడుచునవి కావు. ఈ త్రోవను తెరచిన నలుగురు శాస్త్రజ్ఞులకు 2021 లో డెన్మార్కువారి బ్రెయిన్ ప్రైజ్ లభించినది. రెండవ మందు మన దేశమునకును వచ్చినది. నాలుకపై కరగిపోవు మాత్ర, 75 మిల్లీగ్రాములు. నా గుండె సంగతియు, నేను వాడు తక్కిన మందులును విచారించి, వైద్యుడు దానిని ఈ మాసమున నాకు వ్రాసియిచ్చెను. ఇంకను వేసికొనలేదు; నొప్పి రాలేదు. పాత నోటుపుస్తకమున క్రొత్త పుట గీచి, తేది, గంట, వేసికొన్న వేళ, తగ్గిన వేళ అని నాలుగు వరుసలు వేసి యుంచితిని. మేలు చేసెనా వ్రాసెదను, చేయకున్నను వ్రాసెదను.

పెద్దలు మూడు విషయములు గుర్తుంచుకొనవలెను. హఠాత్తుగా పిడుగువలె వచ్చు తలనొప్పియు, మాట తడబడుటతోనో, కాలుచేయి పడిపోవుటతోనో, జ్వరముతో మెడ బిగియుటతోనో వచ్చునదియు, ఏబదియేండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైనదియు పార్శ్వపునొప్పి యని ఇంటిలో కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఒకరికి వ్రాసిన మాత్రను మరియొకరు మింగరాదు. ఇక మూడవది: ఈ రోగము పురుషులకంటె స్త్రీలకు సుమారు మూడు రెట్లు ఎక్కువ. మీ యింటి కోడలో, కూతురో ఒకనాడు తలుపు మూసికొని చీకటిలో పరుండినచో, సోమరితనమని యనకుడు. ఆ గదిముందు చప్పుడు చేయకుండ నడచి, మరునాడు ఆమెను వైద్యునియొద్దకు తోడుకొనిపొండు.

నేను మా తల్లికి చేయలేకపోయినది అదియే. సెలవు.