జంపన్న ఎవరు: మనిషా, వాగా, వేల్పా?



ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి ఈసారి హాస్టళ్ళ తరఫున నాటకం వేద్దామని గ్రూపులో మాట నడుస్తుంది కదా. ఎక్కువ మంది జంపన్న కథే అన్నరు. రూపం మారే వీరుడు, సగం మనిషి సగం దేవుడు, తనెవరో తనే వెతుక్కుంటడు అని ఒక తమ్ముడు పాత్ర గురించి రాసిండు. ఆలోచన నాకు నచ్చింది. కానీ స్క్రిప్టు మొదలుపెట్టే ముందు జంపన్న గురించి మనకి ఉన్నదేందో, అది ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూసుకోవాలె. లేకపోతే సినిమా సూపర్ హీరోకి గోచీ కట్టినట్టు అయితది.

కథ అందరికీ తెలిసిందే, పొట్టిగ చెప్తా. వేటకు పోయిన కోయదొరలకు అడవిల పులుల నడుమ ఆడుకుంటున్న పసిపిల్ల దొరికింది. ఆమే సమ్మక్క. పగిడిద్దరాజుతో పెళ్ళయింది. పిల్లలు సారలమ్మ, నాగులమ్మ, జంపన్న. కరువొచ్చి పంటలు లేవు. ఓరుగల్లు ప్రతాపరుద్రునికి కప్పం కట్టలేమన్నరు. సైన్యం దిగింది. పగిడిద్దరాజు, సారలమ్మ, ఆమె భర్త గోవిందరాజు కొట్లాటలో పడిపోయిండ్రు. ఓటమి చూసి శత్రువు చేతికి చిక్కడం ఇష్టం లేక జంపన్న సంపెంగ వాగుల దూకిండు. ఆయన నెత్తురుతో వాగు ఎర్రబడ్డదంటరు. అప్పటి నుంచి అది జంపన్న వాగు. సమ్మక్క వెనుక నుంచి పోటు తిని చిలకలగుట్ట దిక్కు నడిచి మాయమైంది. వెతకపోయినోళ్ళకు పుట్ట దగ్గర కుంకుమ భరిణె కనబడ్డది.

ఇందులో రూపం మారడం ఎట్లుందో గమనించండి. పురాణాల్లో దేవుళ్ళు అవసరాన్ని బట్టి రూపం మారుస్తరు, పని అయినంక అసలు రూపంలకు వస్తరు. మన దగ్గర అట్ల లేదు. జంపన్న ఒక్కసారే మారిండు, మళ్ళీ మనిషి కాలేదు. సమ్మక్క భరిణె అయింది, అంతే. మేడారంల విగ్రహం లేదు. గద్దె మీద వెదురు, భరిణె. పగిడిద్దరాజు పూనుగొండ్ల నుంచి, గోవిందరాజు కొండాయి నుంచి వస్తరు, అదీ పడిగెల రూపంల. కోయోళ్ళకి వేల్పు అంటే పైనుంచి దిగినోడు కాదు, మనల నుంచి పోయినోడు. కాబట్టి జంపన్నకు మంత్రశక్తి పెట్టి పులిగా, డేగగా మార్చే సీన్లు రాస్తే అది వేరేవాళ్ళ దేవుడవుతడు, మనోడు కాడు. ఇది నా అభిప్రాయం, గొడవ పడేవాళ్ళు కింద పడొచ్చు.

ఇప్పుడు చరిత్ర. ప్రతాపరుద్రుడు 1289 నుంచి 1323 దాకా పాలించిండు. ఆ కాలంల ఓరుగల్లు కూడా సుఖంగ లేదు. 1310లో మాలిక్ కాఫర్ కోటను ముట్టడించినంక ప్రతాపరుద్రుడే ఢిల్లీకి ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నడు. ఏనుగులు, గుర్రాలు, సొమ్ములు ఇచ్చిండు. 1323లో ఉలుగ్ ఖాన్ చేతిలో రాజ్యమే పోయింది. అంటే ఢిల్లీ ఓరుగల్లును అడిగింది, ఓరుగల్లు ఊళ్ళను అడిగింది. కప్పం బరువు పైనుంచి కిందికి జారుకుంట చివరికి అడవి మీద పడ్డదని నేను అర్థం చేసుకుంటున్న. మేడారం కథకు ఆధారం రాతి మీద శాసనం కాదు, పాట. పాటల తేదీ ఉండదు, కానీ కరువు ఏడాది పన్ను అడిగితే ఎట్లుంటదో ఆ పాట కట్టినోళ్ళకు బాగ తెలుసు. మన క్లాసు పుస్తకంల కాకతీయులంటే చెరువులు, రామప్ప, తోరణాలు. అవి గొప్పవే. వాటికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం ఆ పాఠంల రాదు.

ఒక చిత్రమైన సంగతి చెప్తా. జాతర టైముకు జంపన్న వాగుల నీళ్ళు సరిపోక లక్నవరం నుంచి వదులుతరు. లక్నవరం చెరువు కట్టించింది కాకతీయులే. కాకతీయ సైన్యంతో కొట్లాడి వాగైన కొడుకును కాకతీయుల చెరువే నింపుతుంది! నాటకంల ఇది ఒక్క సీను పెట్టినా జనం గమ్మునైతరు.

పేరు సంగతి కూడా ఆలోచించాలె. సంపెంగ, జంపన్న. రెండూ పలికితే దగ్గర దగ్గరగ ఉంటయి. వాగు పేరు నుంచి మనిషి కథ పుట్టిందా, మనిషి నుంచి వాగు పేరు మారిందా అని ఎవరన్న అడగొచ్చు. అడగనీ. "తనెవరో వెతుక్కునే" పాత్రకు ఇంతకన్నా మంచి ప్రశ్న మనం కల్పించలేం. మేడారం ప్రాంగణంల ఉన్న నాలుగు గద్దెలు సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, గోవిందరాజులవి. కొడుకు చోటు అక్కడ కాదు, వాగు ఒడ్డున. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ వచ్చేటప్పుడు ఆ వాగు దాటే వస్తది. అక్క తమ్ముణ్ణి దాటి అమ్మ దగ్గరికి పోతది. లక్షల మంది అందులనే స్నానం చేసి గద్దెలకు నడుస్తరు. జంపన్న లోపల లేడు కానీ ఆయన్ని తాకకుండా లోపలికి పోయేవాళ్ళు తక్కువ.

మనిషి వేల్పు కావడం ఎప్పటిదో పాత ముచ్చట అనుకోకండి. బిర్సా ముండా 1900 జూన్ 9న రాంచీ జైలుల చనిపోయేనాటికి 24 ఏళ్ళు, అప్పటికే జనం ఆయన్ని ధర్తీ ఆబా అంటున్నరు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌ల నేలకొరిగిండు. ఆయన వర్ధంతి ఇంగ్లీషు తేదీకి కాదు, ఆశ్వయుజ పౌర్ణమికి చేస్తరు. పోలీసు రికార్డుల ఉన్న మనిషే మెల్లగ తిథిలకు చేరిండు. జంపన్న కూడా ఒకప్పుడు అట్లనే ఉన్నడేమో.

ఇంకో దిక్కు, వేరే రకం రూపం మార్పు నడుస్తుంది. క్యాలెండర్లల్ల సమ్మక్కకు కిరీటం, పట్టుచీర, పులి వాహనం. కొందరు ఆమెను పురాణ దేవత అవతారం అని కూడా చెప్తరు. 1996లో రాష్ట్ర పండుగ అయినప్పటి నుంచి జాతర పెద్దగైంది, దాంతో పాటు ఈ బొమ్మలు కూడా. భక్తితో గీసినోళ్ళను తప్పుపట్టను. కానీ అదే బొమ్మ చూసి పెరిగిన మన పిల్లలు కోయ పడిగె చూస్తే ఇదేందని అడుగుతున్నరు. 2025లో గద్దెల దగ్గర రాతి పని మొదలుపెట్టి కోయ పడిగెల బొమ్మలు చెక్కే ప్రయత్నం చేసిండ్రు. అది మంచిదే, రాయి మీద ఉన్నది క్యాలెండర్ లెక్క ఏడాదికి మారదు. అయితే బొమ్మకు అర్థం చెప్పాల్సింది డోలి కోయలు. మణుగూరు కూనవరం సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కంచుమేళం, డోలి పట్టుకొని ఈ కథలే పాడేటోడు. 2024లో పోయిండు. ములుగుల సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, పేరు పెట్టుకున్నరు. ఆ పాటల మీద అక్కడ చదివేది మనోళ్ళే అయితే బాగుండు.

నాటకం సంగతికి వస్తే నా సూచనలు ఇవి. జంపన్నకు కిరీటం వద్దు, మేకప్ నామాలు వద్దు. వాగుల దూకినంక ఆయన మాట్లాడకూడదు, డోలి మాట్లాడాలె. కప్పం అడగడానికి వచ్చిన భటుణ్ణి రాక్షసుడి లెక్క చూపించొద్దు, వాడూ ఏదో కరువు ఊరి నుంచే వచ్చి ఉంటడు. వాడికి ఒక్క డైలాగన్నా ఇయ్యండి. కొన్ని మాటలు కోయ భాషల ఉండాలె, అర్థం కాకపోయినా సరే. కోయ మాట్లాడే నానమ్మ, తాతలు ఇంట్లో ఉన్నోళ్ళు సెలవులకు పోయినప్పుడు జంపన్న గురించి మీ ఊర్ల ఏం చెప్తరో ఫోన్ల రికార్డు చేసుకొని రండి. తాడ్వాయి, గంగారం, ఏటూరునాగారం దిక్కు ఒక్కొక్క తీరుగ చెప్తరట. ఏది కరెక్టని అక్కడ వాదించొద్దు, అన్నీ తీసుకురండి. జంపన్న వేషం ఎవరు వేస్తరో అది తర్వాత చూసుకుందాం. డోలి కొట్టడం వచ్చినోళ్ళు ముందు కింద పేరు రాయండి.